ఊపితే టక్‌టక్, ఆన్ చేస్తే కరకర: లెన్స్‌లో స్టెబిలైజర్ పాడైతే

ప్రశ్న: అన్నా, నేను నర్సంపేట దగ్గర పెళ్లిళ్ల ఫోటోలు తీస్తాను. రెండేళ్ల కింద 70-200 ఎఫ్ 2.8 లెన్స్ సెకండ్ హ్యాండ్‌లో 62 వేలకు కొన్నాను. స్టెబిలైజర్ (చేతి వణుకును సర్దే ఏర్పాటు) ఉన్న మోడల్. మేడారం జాతరకు బండి మీద పోయి వచ్చినప్పటి నుంచి తేడా చేస్తోంది. షట్టర్ సగం నొక్కితే లోపల కరకరమంటోంది, వ్యూఫైండర్‌లో బొమ్మ ఎగిరి పడుతోంది. లెన్స్‌ను చేత్తో ఊపితే ఏదో ఊడిపోయినట్టు టక్‌టక్. మొన్న రామప్ప గుడిలో మదనికల శిల్పాల ఫోటోలు తీస్తే సగానికి సగం షేక్ అయ్యాయి. హైదరాబాద్‌లో సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేస్తే స్టెబిలైజర్ యూనిట్ మార్చాలి, 21,500 దాకా అవుతుందన్నారు. ఇక్కడ ఒకాయన "రెండున్నర వేలియ్యి, విప్పి లాక్ చేస్త, మామూలు లెన్స్ లెక్క వాడుకో" అంటున్నాడు. వైశాఖంలో ఏడు ఆర్డర్లున్నాయి, అడ్వాన్సులు కూడా తీసుకున్నాను. ఒకటే టెన్షన్. లాక్ చేయించాలా, 21 వేలు పెట్టాలా, లేక స్విచ్ ఆఫ్‌లో పెట్టి ఎవరికైనా అమ్మేయాలా? (పేరు వేయకండి)

జవాబు: తమ్ముడూ, ముందు ఆ రెండున్నర వేల బేరం సంగతి చెప్తాను. వద్దు. ఎందుకు వద్దో నా సొంత కథే ఉంది, కాసేపాగి చెప్తా. అలాగని రేపే రైలెక్కి 21,500 కట్టి రమ్మనడం లేదు. ఫోన్‌లో లెన్స్‌ను చూడకుండా చెప్పిన ధర అది. నీ లెన్స్‌లో నిజంగా ఏం పోయిందో ఇంకా ఎవరూ చూడలేదు, నువ్వు కూడా. ఒక సాయంత్రం, గోడకున్న క్యాలెండర్, ఒక ట్రైపాడ్ ఉంటే చాలావరకు ఇంట్లోనే తేలిపోతుంది.

లోపల ఏముందో ముందు తెలుసుకో. నీ 70-200లో ఇరవై దాకా గాజు పలకలుంటాయి. వాటిలో ఒక చిన్న గుంపును మాత్రం గట్టిగా బిగించరు. పక్కలకూ పైకీ కిందికీ కాస్త కదిలేలా వదులుతారు. రెండు చిన్న సెన్సర్లుంటాయి. కెమెరా పైకీ కిందికీ ఊగడాన్ని ఒకటి పసిగడుతుంది, పక్కలకు ఊగడాన్ని రెండోది. చెయ్యి ఊగిన లెక్క చూసి, బొమ్మ ఉన్నచోటే నిలబడేలా కాయిలూ అయస్కాంతమూ ఆ గాజును జరుపుతాయి. గాజు సరిగ్గా ఎక్కడుందో చూసేందుకు మరో జత సెన్సర్లు. బోనమెత్తుకుని నడిచే ఆడబిడ్డను చూడు. కాళ్లు కదులుతాయి, నడుము కదులుతుంది, తల మీద కుండ మాత్రం తొణకదు. మధ్యలో మెడ చేసే పని ఏదైతే ఉందో, అదే ఈ గాజు చేస్తుంది. కెనాన్ వాళ్లు దీన్ని ఐఎస్ అంటారు, నికాన్ వీఆర్, సోనీ ఓఎస్ఎస్, టామ్రాన్ వీసీ, సిగ్మా ఓఎస్. పేర్లే వేరు.

ఎంత సన్నని పనో ఒక లెక్క చెప్తాను. ఫుల్ ఫ్రేమ్ (పాత ఫిల్మ్ సైజు సెన్సర్ ఉన్న) కెమెరా బాడీ మీద జూమ్ 200 మి.మీ. దగ్గర నీకు అడ్డంగా కనిపించేది దాదాపు పది డిగ్రీలు. 24 మెగాపిక్సెల్ సెన్సర్‌లో అడ్డంగా 6000 పిక్సెల్స్. అంటే చెయ్యి ఒక డిగ్రీలో వందో వంతు వాలినా బొమ్మ ఆరు పిక్సెల్స్ జరుగుతుంది. మదనిక కంటిరెప్ప గీత చెరిగిపోవడానికి అంత చాలు. ఇంత సన్నని పని చేసే యంత్రాన్ని బండికి కట్టి మేడారం దాకా గతుకుల్లో తిప్పావు. తిట్టడం లేదులే, నేనూ తిప్పినవాణ్ణే.

ఇప్పుడు నీ లెన్స్ చేసే చప్పుళ్లు. ఊపితే టక్‌టక్ అంటోందని భయపడ్డావు కదా, చాలా లెన్సుల్లో అది రోగమే కాదు. కొన్ని మోడళ్లలో పవర్ తీసేయగానే ఆ గాజుకు లాక్ పడుతుంది. కొన్నిటిలో లాకే ఉండదు, కరెంటు లేకపోతే గాజు వదులుగా ఊగుతుంది, ఊపితే మోగుతుంది. లాక్ ఉన్నవాటిలో కూడా స్టెబిలైజర్ నడుస్తుండగా పవర్ ఆపేసినా, లెన్స్ ఊడదీసినా లాక్ పడకుండా ఉండిపోతుంది. నికాన్ వాళ్ల మాన్యువల్‌లో ఇది రాసే ఉంటుంది: చప్పుడొస్తే లెన్స్ మళ్లీ తగిలించి కెమెరా ఆన్ చేయండి, అది లోపం కాదు అని. పెళ్లిలో హడావిడిగా లెన్స్ మార్చేటప్పుడు మనం చేసే తప్పు సరిగ్గా ఇదే. తగిలించు, ఆన్ చెయ్యి, షట్టర్ సగం నొక్కి వదులు, రెండు సెకన్లు ఆగు, ఆఫ్ చెయ్యి, అప్పుడు ఊడదీసి ఊపి చూడు. టక్‌టక్ పోతే సరే. పోకపోయినా, అదే మోడల్ ఉన్న ఇంకొకరి లెన్స్ కూడా ఊపి చూసేదాకా ఏమీ అనుకోకు.

కరకర మాత్రం వేరు. ఆరోగ్యంగా ఉన్న స్టెబిలైజర్ సన్నగా ఝుమ్మంటుంది, నిశ్శబ్దంగా ఉన్న గదిలో చెవి దగ్గర పెట్టుకుంటేనే వినిపిస్తుంది. మొదలయ్యేటప్పుడూ ఆగేటప్పుడూ బొమ్మ కొద్దిగా జరగడం కూడా మామూలే. ఇసుకలో చక్రం తిరిగినట్టు కరకరమంటూ, బొమ్మ ఒక మూలకు ఎగిరి మళ్లీ మధ్యకు వస్తుంటే మాత్రం తేడా ఉన్నట్టే. ఎటు ఎగురుతోందో గమనించు. ఎప్పుడూ పైకీ కిందికేనా, పక్కలకేనా, రెండూనా? ఒకే దిక్కుకైతే ఆ దిక్కు చూసే సెన్సరో, కాయిలో, దాని వైర్ల పట్టీయో అనుమానించాలి. సర్వీస్ సెంటర్‌లో "షేక్ వస్తుంది" అనడం కన్నా "అడ్డంగా పట్టుకున్నప్పుడు పైకే ఎగురుతుంది" అని చెప్తే పని త్వరగా తెములుతుంది.

దానికంటే ముందు ఊరికే దొరికే వైద్యాలు చేసి చూడు. లెన్స్ వెనక బంగారు రంగు చుక్కలుంటాయే, కాంటాక్టులు, జాతర దుమ్ము వాటి మీద చేరిందేమో చూడు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కొద్దిగా తడిపిన మెత్తని గుడ్డతో తుడువు, బాడీ వైపు కూడా. గరుకు కాగితం పెట్టి రుద్దేవాళ్లున్నారు, ఆ పూత పోతే మళ్లీ రాదు. బ్యాటరీ ఫుల్ ఛార్జ్ చెయ్యి. దుమ్ములో తిరిగొచ్చిన బాడీది కూడా తప్పు కావచ్చు కాబట్టి నీ లెన్స్ స్నేహితుడి బాడీకి, అతని లెన్స్ నీ బాడీకి తగిలించి చూడండి. స్విచ్ ఏ మోడ్‌లో ఉందో కూడా చూడు. ప్యానింగ్ మోడ్‌లో, అంటే కదిలేవాటి వెంట కెమెరా తిప్పుతూ తీసే మోడ్‌లో ఉంటే ఒక దిక్కు కదలికను అది కావాలనే వదిలేస్తుంది. ఇంకోటి, నువ్వు నికాన్ డీఎస్ఎల్ఆర్ వాడుతూ వెనక ఏఎఫ్-ఆన్ బటన్‌తో ఫోకస్ చేసే అలవాటుంటే, ఆ బటన్‌తో వీఆర్ మొదలవదు, షట్టర్ సగం నొక్కాల్సిందే. ఇది తెలియక లెన్స్ పోయిందని నా దగ్గరికి తెచ్చినవాళ్లు ఇద్దరున్నారు.

ఇవన్నీ అయ్యాక క్యాలెండర్. ఇంట్లో తెలుగు క్యాలెండర్ ఉంటుంది కదా, తేదీ గడిలో చీమల్లాంటి అక్షరాలతో తిథి, నక్షత్రం, వర్జ్యం వేసి ఉంటుంది. దానికంటే మంచి టెస్ట్ చార్ట్ లేదు. నాలుగు మీటర్ల దూరంలో నిలబడు. జూమ్ 200, షట్టర్ 1/25 (సెకనులో ఇరవై ఐదో వంతు), వెలుతురు చాలకపోతే పెంచే ఐఎస్ఓ ఎంత కావాలంటే అంత. స్విచ్ ఆన్ చేసి, సగం నొక్కి, ఒక సెకను ఆగి పూర్తిగా నొక్కు. అలా పది. స్విచ్ ఆఫ్ చేసి ఇంకో పది. చేత్తో పట్టుకునే తియ్యాలి. 200 దగ్గర స్టెబిలైజర్ లేకుండా కనీసం 1/200 ఉండాలని పాత లెక్క. అక్కడి నుంచి మూడు స్టాపులు (ఒక్కో స్టాపుకు స్పీడు సగం) దిగితే 1/100, 1/50, 1/25. మంచి స్టెబిలైజరైతే ఆన్‌లో తీసిన పదింట్లో ఎక్కువ శాతం వర్జ్యం టైము చదవగలిగేలా రావాలి, ఆఫ్‌లో తీసినవాటిలో ఎక్కువ చెరిగిపోవాలి. రెండూ ఒకేలా చెరిగిపోతే అది పనిచేయడం లేదు. ఆన్‌లోవే ఇంకా ఘోరంగా ఉంటే పనిచేయకపోగా చెడగొడుతోంది. నీది ఈ మూడో రకమని నా అనుమానం. రామప్పలో స్విచ్ ఆన్‌లోనే పెట్టి తీసి ఉంటావు.

అసలు పరీక్ష దీని తర్వాతిది. చాలామంది దీన్ని చేయరు. స్టెబిలైజర్ ఆఫ్, కెమెరా ట్రైపాడ్ మీద, రెండు సెకన్ల టైమర్. గోడకు న్యూస్‌పేపర్ రెండు పేజీలు చదునుగా అతికించి, ఫ్రేమ్ నాలుగు మూలలా అక్షరాలు వచ్చేలా ఎఫ్ 2.8లో తియ్యి. కెమెరా గోడకు నేరుగా చూడాలి, ఏటవాలుగా ఉంటే లెక్క తప్పుతుంది. 70 దగ్గర ఒకటి, 200 దగ్గర ఒకటి. కెమెరా ఆఫ్ చేసి ఆన్ చేసి మళ్లీ తియ్యి. అలా నాలుగైదు సార్లు. ఇప్పుడు కంప్యూటర్లో నాలుగు మూలలూ పెద్దవి చేసి పక్కపక్కన చూడు. అన్ని మూలలూ దాదాపు ఒకేలా ఉంటే దేవుడు నీ వైపున్నాడు, ఆ గాజు గుంపు మధ్యలోనే కూర్చుంటోంది. కుడి వైపు అక్షరాలు పదునుగా ఉండి ఎడమ వైపు సబ్బు నీళ్లలో తడిసినట్టుంటే గాజు పక్కకు జరిగి ఉంది. ఆన్ చేసిన ప్రతిసారీ చెడే మూల మారుతుంటే అది ఎక్కడా నిలబడటమే లేదని అర్థం.

మూలలన్నీ ఒకేలా ఉన్న మొదటి రకమైతే స్విచ్ ఆఫ్ చేసి, దాని మీద నల్ల టేపు ఒక ముక్క వేసి, వైశాఖం అంతా నిశ్చింతగా పని చేసుకో. లెన్స్ చావలేదు, ఒక సౌకర్యం పోయింది అంతే. ఆన్ చేసి చూడటం మానెయ్, కరకరమంటూ అది తోసుకుంటున్నకొద్దీ పట్టీలు ఇంకా దెబ్బతింటాయి. ఒక పక్క మసకయ్యే రెండో రకమైతే ఒంటరి పోర్ట్రెయిట్లకు నడుస్తుంది, ముఖం మధ్యలో ఉంటుంది కాబట్టి. గ్రూపు ఫోటోలకు మాత్రం తియ్యకు. ఎఫ్ 8కి దిగితే, అంటే లెన్స్ లోపలి రంధ్రం చిన్నది చేస్తే, కొంత కప్పుకుంటుంది గానీ రాత్రి ఫంక్షన్ హాల్లో ఎఫ్ 8 ఎక్కడ కుదురుతుంది? ఇక కెమెరా ఎర్రర్ చూపించి ఆగిపోతుంటే, కాంటాక్టులు తుడిచినా తగ్గకపోతే, ముహూర్తం టైముకు దాన్ని నమ్మొద్దు.

ఇక నా కథ. చాలా ఏళ్ల కింద నాదీ ఇలాగే ఒక జూమ్ లెన్స్ ఎగరడం మొదలుపెట్టింది. ఒక షాపులో ఇచ్చాను, ఏ ఊరో ఎవరో ఎందుకులే. "లాక్ చేశాం" అని మూడో రోజు ఇచ్చారు. చప్పుడు లేదు, ఎగరడం లేదు, ఇంట్లో పిల్లల ఫోటోలు తీస్తే బ్రహ్మాండంగా వచ్చాయి. జనగామ దగ్గర పెళ్లి. అప్పగింతలకు ముందు స్టేజీ మీద పెద్ద గ్రూపు, ముప్పై మందికి పైనే. ఆల్బమ్ డిజైన్‌కు కూర్చున్నప్పుడు చూస్తే పెళ్లికొడుకు వైపు వాళ్లంతా వెంట్రుకతో సహా కనిపిస్తున్నారు, పెళ్లికూతురు వైపు చివరి పది పన్నెండు మంది కళ్లజోడు తీసేసి చూసినట్టున్నారు. ఆ పన్నెండు మందిలో మేనత్త ఒకావిడ. అన్నీ పెట్టి అంత ఖర్చు చేసింది, తను మసకగా ఉంది. ఇప్పటికీ బతుకమ్మ నాడు వేయి స్తంభాల గుడి దగ్గర ఎదురుపడితే "మా వైపే ఎందుకు మసకచ్చింది?" అని అడుగుతుంది. ఏం చెప్పను?

లెన్స్ మళ్లీ విప్పించి చూస్తే తెలిసింది, ఆ గాజును జిగురు పెట్టి అతికించారు. కంటికి మధ్యలోనే ఉంది. కానీ ఆ గాజుకు కంటి చూపు మధ్య సరిపోదు, మిల్లీమీటర్‌లో చిన్న వంతు జరిగినా ఒక మూల పోతుంది. ఫ్యాక్టరీలో దాన్ని పరికరాలు పెట్టి సరిచేస్తారు. పైగా కొన్ని లెన్సుల్లో స్విచ్ ఆఫ్‌లో ఉన్నా కరెంటే ఆ గాజును మధ్యలో పట్టి ఉంచుతుంది. జిగురు పడ్డాక అది కదలదు, కాయిల్ తోయడం మానదు. ఇంకో సంగతి, జిగురు పెట్టిన లెన్స్‌ను తర్వాత సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే ముట్టుకోమని అనవచ్చు. మీ ఊరాయన జిగురే పెడతాడని నేననడం లేదు. "లాక్ అంటే ఏం చేస్తావన్నా? చేశాక నాలుగు మూలల టెస్ట్ చూపిస్తావా?" అని ఒక్కసారి అడుగు. చూపిస్తానంటే అతను పనోడే. నవ్వేసి ఊరుకుంటే బండి తిప్పు.

నీ ఉత్తరంలో నన్ను ఆపిన సంగతి ఒకటుంది. భయం పెళ్లిళ్ల గురించి, షేక్ అయిన ఫోటోలేమో రామప్పవి. పెళ్లి ఫోటోలు చెడ్డాయని ఒక్క మాట రాయలేదు. ఎందుకో ఆలోచించావా? స్టెబిలైజర్ ఆపేది నీ చేతి వణుకును. ఎదుటి మనిషి కదలికను అది ఆపలేదు. పదమూడో శతాబ్దం నుంచి ఆ మదనికలు అదే భంగిమలో నిలబడి ఉన్నాయి, నల్లరాతి బొమ్మలు, నువ్వు 1/25లో తీసినా కదలవు. అక్కడ స్టెబిలైజర్ నిజంగా అన్నం పెడుతుంది. పెళ్లికూతురు అలా కాదు. తలంబ్రాలు పోసేటప్పుడు చెయ్యి గాల్లో ఉంటుంది, 1/250 లేకపోతే వేళ్లు నాలుగు ఎనిమిదవుతాయి. జీలకర్ర బెల్లం అప్పుడు కాస్త నిలకడ, అయినా 1/160 కంటే దిగకూడదు. ఆ స్పీడుల్లో స్టెబిలైజర్ ఉన్నా లేకపోయినా పెద్ద తేడా తెలియదు. ఇన్నాళ్లూ అది నిన్ను కాపాడుతోందని నువ్వు అనుకుంటున్నావు, నిన్ను కాపాడింది ఎఫ్ 2.8 లోపలికి తెచ్చే వెలుతురు, నీ ఫ్లాషూ.

కెనాన్ వాళ్ల 70-200 ఎఫ్ 2.8కే 1995లో వచ్చినప్పుడు స్టెబిలైజర్ లేదు, ఐఎస్ ఉన్నది 2001లో వచ్చింది. మధ్యలో ఆ ఆరేళ్లు ఆ లెన్స్ కొన్నవాళ్లు ఫిల్మ్ మీద పెళ్లిళ్లు తీస్తూనే ఉన్నారు, అదీ 400 ఐఎస్ఓ రీలుతో. నీ చేతిలో ఉన్న బాడీ 3200 ఐఎస్ఓలో కూడా ఆల్బమ్‌కు సరిపడా ఇస్తుంది. గ్రెయిన్ వచ్చిందని ఏ పెళ్లికూతురి తండ్రీ డబ్బులు ఆపలేదు, షేక్ అయితే ఆపుతారు.

ఒక్క చోట ఇబ్బంది. ఫంక్షన్ హాళ్లలో ఎల్ఈడీ లైట్లు. మన కరెంటు 50 హెర్ట్జ్, చవక లైట్లు సెకనుకు వంద సార్లు మినుకుతాయి, స్పీడు పెంచితే ఫోటోలో అడ్డ చారలు పడతాయి. 1/100కి దిగితే చారలు పోతాయి, కానీ 200 దగ్గర స్టెబిలైజర్ లేని చేతికి అది ప్రమాదం. అలాంటి హాల్లో జూమ్ 100-135 దాటకు, ఒక రెండడుగులు ముందుకు నడువు. కెమెరామన్ ముందుకొచ్చాడని పంతులుగారు గొణిగితే గొణగనీ.

వీడియో సంగతి వేరు. మీ వాడెవరైనా ఇదే లెన్స్‌తో వీడియో తీస్తుంటే స్టెబిలైజర్ లేని లోటు ప్రతి సెకనూ కనిపిస్తుంది, మైకులో కరకర కూడా వినిపిస్తుంది. వీడియోకు మోనోపాడ్ తప్పదు, లేదా ఆ ఏడు ఆర్డర్లకు వేరే లెన్స్ అద్దెకు తీసుకో. హనుమకొండలో రోజు అద్దె ఎంతో కనుక్కుని ఏడుతో గుణించు. 21,500 పక్కన ఆ అంకె పెట్టి చూస్తే సగం టెన్షన్ అక్కడే దిగుతుంది.

రామప్పకు మళ్లీ పోతావు, నాకు తెలుసు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక ప్రీ-వెడ్డింగ్ అంటే అందరికీ అదే గుర్తొస్తోంది. పురావస్తు శాఖ కట్టడాల్లో అనుమతి లేకుండా ట్రైపాడ్ వేయనివ్వరు. అందుకని పాతకాలం ఉపాయం ఒకటి చెప్తా. కెమెరా కింద ట్రైపాడ్ బిగించే రంధ్రం ఉంటుంది, పావు అంగుళం బోల్టు పడుతుంది. హార్డ్‌వేర్ షాపులో ఆ సైజు కొక్కెం బోల్టు అడిగి కొను, పొట్టిది, లోతుకు బిగిస్తే బాడీ పగులుతుంది. దానికి నీ ఎత్తు కంటే కాస్త పొడవున్న సుతిలి తాడు కట్టు. తాడు కింది కొసను కాలి కింద తొక్కిపట్టి, కెమెరాను కంటి దగ్గర పెట్టి పైకి లాగు, తాడు బిగుతుగా నిలబడేలా. పైకీ కిందికీ ఊగడం చాలా తగ్గిపోతుంది. మోచేతులు పక్కటెముకలకు ఆనించి, ఊపిరి సగం వదిలి, బరస్ట్‌లో (ఆగకుండా వరుసగా) నాలుగైదు తియ్యి. మొదటిది నొక్కిన కుదుపుకు పోతుంది, మధ్యలోవి బాగుంటాయి. పెద్ద లెన్స్ తగిలించినప్పుడు మాత్రం బాడీకి కాకుండా లెన్స్ కాలర్‌కు (లెన్స్ చుట్టూ ఉండే పట్టీకి) బిగించు, లేకపోతే లెన్స్ తగిలే మౌంట్ మీద భారం పడుతుంది.

బండి మాట కూడా అనాలి. 2021 సెప్టెంబర్‌లో ఆపిల్ కంపెనీ తన ఫోన్ల గురించే ఒక హెచ్చరిక పెట్టింది: పెద్ద ఇంజన్ మోటార్‌సైకిళ్ల హ్యాండిల్‌కు ఫోన్ బిగిస్తే ఆ కంపనాలకు కెమెరాలోని స్టెబిలైజర్, ఆటోఫోకస్ దెబ్బతినవచ్చని. ఫోన్‌లో చిటికెనవేలి గోరంత ఉండే యూనిట్‌కే అంత భయముంటే, నీ లెన్స్‌లో దానికంటే బరువైన గాజు వదులుగా ఊగుతూ ఉంటుంది. పెట్రోలు ట్యాంకు మీద బ్యాగు పెట్టకు, వెనక క్యారేజీకి కట్టకు. వీపుకు తగిలించుకో. నీ ఒంటి కంటే మంచి షాక్ అబ్జార్బర్ ఏ కంపెనీ చేయలేదు. లెన్స్‌ను బ్యాగులో నిలబెట్టి, చుట్టూ తువ్వాలు కుక్కి, కదలకుండా సర్దు.

వైశాఖం దాటాక, మూలల పరీక్షలో లెన్స్ ఫెయిల్ అయి ఉంటే, రిపేర్ చేయించు. 62 వేలకు కొన్న ఎఫ్ 2.8 జూమ్‌కు 21 వేలు పెట్టడం తప్పేం కాదు, ఇంకా ఐదారేళ్లు పనిచేస్తుంది. ఫోన్‌లో ఒప్పుకోకు. కాజీపేటలో పొద్దున రైలెక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు, లెన్స్ వాళ్ల చేతికిచ్చి, చూసిన తర్వాత కాగితం మీద అంచనా రాయించుకో. పాత మోడలైతే ఆ పార్టు ఇంకా దొరుకుతోందా అని ముందే అడుగు, కంపెనీలు మోడల్ ఆపేశాక కొన్నేళ్లకు పార్టులు కూడా ఆపేస్తాయి. యూనిట్ మార్చాక ఆప్టికల్ అలైన్‌మెంట్ (గాజుల సర్దుబాటు) కూడా చేస్తారా, మార్చిన పాత ముక్క తిరిగి ఇస్తారా, రిపేర్‌కు ఎన్ని నెలల గ్యారంటీ అని అడిగి అదీ రాయించుకో. సీరియల్ నంబర్, ముందూ వెనకా గాజుల ఫోటోలు ఇచ్చేముందే తీసుకో. తిరిగొచ్చిన రోజే మళ్లీ క్యాలెండర్, న్యూస్‌పేపర్.

డబ్బులు తీసుకుని పని సరిగా చేయకపోతే రిపేర్ కూడా సేవే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కిందికి వస్తుంది. బతుకుతెరువు కోసం నువ్వే వాడుకునే వస్తువు కాబట్టి వ్యాపారం కోసం అని తోసిపుచ్చలేరు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి చెప్పు. అక్కడ తేలకపోతే మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. రెండేళ్ల లోపు వేయాలి. బిల్లు లేకుండా రెండున్నర వేలు చేతిలో పెట్టి వస్తే ఇవేవీ పనికిరావు.

చివరగా అమ్మకం. స్విచ్ ఆఫ్‌లో పెట్టి చెప్పకుండా అమ్మేయనా అని అడిగావు. అడిగావంటేనే మనసొప్పలేదని అర్థం. మనసు సంగతి పక్కన పెట్టు, లెక్క చూడు. నర్సంపేట, ములుగు, పరకాల, హనుమకొండ, ఇక్కడ కెమెరా పట్టిన ప్రతి ఒక్కడికీ ఇంకొకడు తెలుసు. కొన్నవాడు మొదటి రోజే స్విచ్ పైకి తోస్తాడు, రెండో రోజు నీ పేరు ఊరంతా తెలుస్తుంది. చెప్పే అమ్ము: "స్టెబిలైజర్ పనిచేయదు, మూలలు బాగున్నాయి, ఇవిగో టెస్ట్ ఫోటోలు, రిపేర్ అంచనా ఇంత." మార్కెట్ ధరలోంచి ఆ అంచనా, ఇంకో రెండు మూడు వేలు తగ్గించు. స్టూడియోలో ట్రైపాడ్ మీద వాడేవాడికి స్టెబిలైజర్‌తో పనే లేదు, సంతోషంగా కొంటాడు. మూలలు పోయినదైతే మాత్రం అమ్మొద్దు, బాగు చేయించి అమ్ము, లేదా పార్టుల కోసం అని చెప్పి ఇచ్చెయ్.

ఈ ఆదివారం క్యాలెండర్ ఫోటోలు, న్యూస్‌పేపర్ ఫోటోలు తీసి నాకు పంపు, నేనూ చూస్తాను. క్రాప్ చేయకు, పదును పెంచకు. వాట్సాప్‌లో మామూలుగా పెడితే కుదించేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపు. ఏ ఫోటో స్విచ్ ఆన్‌లో తీశావో, ఏది ఆఫ్‌లో తీశావో ఒక చీటీ మీద రాసి దాని ఫోటో కూడా పెట్టు.